చల్లదానికి ఆవిరేటి

మంగళవారం

కాదు, నిన్న రాసింది తప్పు. అది మందుల వాసన కాదు. పొద్దున్న అంబలి తాగుతుంటే గుర్తొచ్చింది. అమ్మ గోళ్ళ రంగు తుడుచుకునే చిన్న సీసా ఉండేది. మూత తీస్తే గదంతా అదే వాసన, కాస్త తియ్యగా, ముక్కు లోపల చురుక్కుమనేలా. దూదితో గోళ్ళు తుడుచుకుంటూ "స్టవ్ దగ్గరికి తీసుకెళ్ళకు" అనేది అమ్మ. సీసా మీద అసిటోన్ అని ఉండేది. కెమిస్ట్రీలో కూడా చదివాను. మార్కులు బాగానే వచ్చాయి.

మేముండే కంపెనీ ఇళ్ళ వరసలో, మూడో లైనులో, దాన్ని చలవ అంటారు.

ఇక్కడికొచ్చినప్పటి నుంచీ ఈ వాసన ఏంటా అనుకుంటూనే ఉన్నాను. నాచు చెరువుల దగ్గర కంపెనీవాళ్ళు తయారుచేసే సరుకుల్లో ఇదొకటి. పైపు మా లైను వెనక గోడని ఆనుకుని రేవు దాకా పోతుంది. సరిగ్గా నేనుంటున్న పెద్దమ్మ ఇంటి వెనక ఒక జాయింటు కారుతుంది. మొదట్లో పెద్దమ్మ దాని కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టిందట. అడుగు మెత్తబడి ఊడిపోయింది. అప్పటి నుంచి స్టీలు బిందె. రోజూ పొద్దున్నే లైనులో ఆడవాళ్ళంతా చెంబులతో వచ్చి పట్టుకుపోతారు. కంపెనీకి తెలియదు. తెలియకూడదన్నది ఈ లైనులో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఎండ సైరన్ మోగగానే అందరూ ఇళ్ళలోకి వచ్చి తలుపులు బిగించేస్తారు. అప్పుడు వట్టివేళ్ళ తడకల మీద చలవ చల్లుతారు. నీళ్ళు తాగడానికే చాలవు, తడకలకెక్కడివి. చల్లిన కాసేపటికే గది చల్లబడిపోతుంది. చల్లదనమంతా కిందే ఉంటుందని అందరూ నేల మీదే పడుకుంటారు. గౌరక్క పాప ఉయ్యాల కూడా నేలకి జానెడు ఎత్తులో కట్టారు, తడక పక్కనే. గౌరక్క అంటే పెద్దమ్మ కూతురు.

పాప ఏడవదు. పాలకి లేపితే లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకుంటారు. ఆ వాసనకే మగతగా పడి ఉంటోందేమోనని నాకు భయంగా ఉంది.

సాయంత్రం మైకులో చెప్పారు. తుపానుకి పోయిన కరెంటు మళ్ళీ ఇస్తారట. శుక్రవారం. ఇంటికో ఫ్యాను, ఒక ప్లగ్గు. లైనంతా ఈలలు. గౌరక్క పాపని పైకెత్తి తిప్పింది.

నేనూ సంతోషపడ్డాను. నా ఫోను పెట్టె అడుగున చచ్చిపడి ఉంది. అమ్మ కొండమీది ఊళ్ళో ఆసుపత్రి పనిలో ఉంది. పనివాళ్ళకి తప్ప పిల్లలకి అక్కడ పర్మిట్ ఇవ్వరు, అందుకే నన్ను ఇక్కడ దింపి వెళ్ళింది. ప్లగ్గు వస్తే అమ్మతో మాట్లాడొచ్చు. ఒక అరగంట అదే ఆలోచించాను.

తర్వాత తడక వైపు చూశాను.

బుధవారం

ఇళ్ళలో నిప్పు వాడకూడదన్నది కంపెనీ రూలు. వంటంతా లైను చివర వంటశాలలోనే. దీపాలు ఎండకి పెట్టుకుని వాడుకునేవి. అందుకే ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు. అదృష్టం అంతే. కానీ స్విచ్చు?

సైరన్ తర్వాత పెద్దమ్మ చెంబు అందుకుంటుంటే అడ్డం నిలబడ్డాను.

"పెద్దమ్మా, ఇది మండుతుంది."

"ఏది?"

"చలవ."

పెద్దమ్మ కోప్పడలేదు. చెంబులో వేళ్ళు ముంచి నా మెడ మీద రాసింది. ఐసు పెట్టినట్టయింది.

"మండిందేటి?"

"అలా కాదు. నిప్పు తగిలితే."

"నిప్పు తగిలితే ఏదైనా మండుతాది. నువ్వు మండవేటి?"

గౌరక్క పాపకి పాలిస్తూ నవ్వింది. "అమ్మా, మన పూర్తి మాత్రం నిప్పు లేకుండానే మండుతాది."

నా పేరు స్ఫూర్తి. ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు. పూర్తి అంటారు. మొదట్లో సరిచేసేదాన్ని.

"దీనికి ఆవిరి ఉంటుంది పెద్దమ్మా. అది గాలి కన్నా బరువు. కిందికి దిగి నేలంతా పరుచుకుంటుంది. దానికి అంటుకుంటే..."

"ఆవిరా?" పెద్దమ్మ నిజంగానే ఆలోచించింది. "ఆవిరంటే మరిగే నీళ్ళకి కదే ఉండేది. అది పైకి పోతాది. ఇది చల్లంది. చల్లదానికి ఆవిరేటి?"

నా దగ్గర జవాబు ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఫ్లాష్ పాయింట్ మైనస్ ఇరవై అని పరీక్షలో రాశాను. దాన్ని పెద్దమ్మకి ఎలా చెప్పాలో ఏ టీచరూ చెప్పలేదు. ఫ్రిజ్జులోంచి తీసి పెట్టినా సరే, అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది అని ఇప్పుడు రాస్తుంటే వస్తోంది. అప్పుడు నోట్లోంచి రాలేదు.

ఇక్కడ దేన్నయినా రెండే రకాలుగా చూస్తారు. వేడి చేసేవి, చలవ చేసేవి. ఆవకాయ వేడి, మజ్జిగ చలవ. బొప్పాయి వేడి, సబ్జా గింజలు చలవ. ఒంటికి ఇంత చల్లగా తగిలేదాన్ని నిప్పుతో కలిపి మాట్లాడితే నాకే జ్వరం వచ్చిందనుకుంటారు. పెద్దమ్మ నిజంగానే నా నుదురు ముట్టుకుని చూసింది.

"ఇలగ కూర్చో," అంది. కూర్చున్నాను. "మీ పెదనాన్న ఈ గదిలోనే పోయేడు. సెయ్యేస్తే ఒళ్ళు పెనంలాగుంది. గుడ్డ తడపడానికి నీళ్ళు లేవు. ఆ యేడు ఈ లైనులో ఇంటికొకలు పోయేరు. చలవ దొరికేక ఒక్కలు పోయేరేటి? సెప్పు."

"లేదు."

"మరి? ఈ మాట కంపెనీవోల సెవిని పడితే జాయింటు కట్టేస్తారు. అప్పుడు ఎవులు పోతారో నువ్వే సెప్పు. నేనా? గౌరి కన్న గుంటా?"

తర్వాత నాకు మొహం తుడుచుకోమని తన వంతు నీళ్ళలోంచి అరగ్లాసు ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

"శుక్రవారం నుంచి ఫ్యాను ఉంటుంది కదా. చలవ మానెయ్యొచ్చు కదా," అన్నాను.

"మానడమెందుకే?" అంది గౌరక్క. "తడిపిన తడక ఎదర ఫ్యాను పెడితే ఎలాగుంటాదో ఎప్పుడైనా సూసేవా? సొర్గం."

లైనంతా అదే అనుకుంటోంది. శుక్రవారం కోసం రెండేసి చెంబులు ఎక్కువ పట్టి పెట్టుకుంటున్నారు.

గురువారం

కరెంటు ఈశ్వర్రావు బోర్డులు చూడటానికి వచ్చాడు. కంపెనీ ఎలక్ట్రీషియన్, పొట్టిగా, మెడలో టెస్టరు తాడు కట్టి వేలాడదీసుకుని. ఆయన వస్తున్నాడనగానే పెద్దమ్మ బిందె మీద గోనెపట్టా కప్పింది.

"ఏటమ్మా దొరసాని," అన్నాడు నన్ను చూసి, "ఫ్యాను ఇంగ్లీషులో తిప్పాలా, తెలుగులో తిప్పాలా?"

"బాబాయ్, స్విచ్చు వేస్తే లోపల నిప్పురవ్వ వస్తుందా?"

"ఒస్తాది. పాత బోర్డులు కదా. సిన్న మెరుపు, కంటికి కనపడదు. నువ్వేటీ భయపడకు, షాకు కొట్టదు."

"అంత చిన్న మెరుపుతో ఏదైనా అంటుకుంటుందా?"

"పెట్రోలు పోసుకుని కూకుంటే అంటుకుంటాది," అని నవ్వాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆయనకి వాసన తెలియలేదా అని అడగాలనిపించింది. తెలిసినా పట్టించుకోడు. ఈ ఊళ్ళో గాలి ఎటు తిరిగితే అటు కంపెనీ వాసనే.

ఆయన వెళ్ళాక గౌరక్క పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ కన్నా గౌరక్క కాస్త వింటుంది. ఆవిరి అనకూడదని ముందే అనుకున్నాను. నిన్నంతా వెతికితే ఒక మాట దొరికింది. వాసన. ఎక్కడ వాసన వస్తే అక్కడ చలవ ఉన్నట్టే, ఆ వాసనకే నిప్పంటుకుంటుంది. ఇలా చెబితే అర్థమవుతుంది.

"అక్కా, నీకు ఇప్పుడు చలవ వాసన వస్తోందా?"

గౌరక్క గాలి పీల్చింది. "లేదే. ఇందాకే ఆరిపోయింది కదా."

"గట్టిగా పీల్చు."

"ఏ వాసనా లేదే పూర్తీ. మొదట్లో ఒచ్చేది. ఇప్పుడు ముక్కు పెట్టి సూసినా తెలవదు."

నేనూ పీల్చాను. వట్టివేళ్ళ వాసన వచ్చింది. పాప పాల వాసన వచ్చింది. మరోసారి పీల్చాను. వంగి నేల మీద ముక్కు పెట్టాను.

నాకూ రాలేదు.

మంగళవారం ఆ వాసన వచ్చింది. నిన్న వచ్చిందో లేదో గుర్తులేదు. ఈ లైనులో దాన్ని పసిగట్టగలిగిన ముక్కు నాదొక్కటే అనుకున్నాను, ఇప్పుడు అదీ లేదు. ఇంకో నెల గడిస్తే నేను కూడా చెంబు పట్టుకుని వరసలో నిలబడి ఫ్యాను గురించి మాట్లాడతానేమో. పాప మీదికి వంగి పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను, ఇంకా పేరే పెట్టలేదు. చిటికెలు వేశాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసేసింది.

ఎండ దిగాక పిండి తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. ఈశ్వర్రావు స్తంభం కింద తీగ చుట్టుకుంటున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"బాబాయ్, మూడో లైనుకి రేపు కరెంటు ఇవ్వకండి."

"ఎందుకమ్మా? అందరూ ఎప్పుడెప్పుడాని అడుగుతుంటే నువ్వేటి ఇవ్వొద్దంటన్నావు?"

"ఇళ్ళల్లో పెట్రోలు పోసుకునే కూర్చున్నాం."

నవ్వబోయి ఆగాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. చెప్పేశాను. పైపు, జాయింటు, తడకలు, నేల మీద పడుకోవడం, ఉయ్యాల. తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత. ఆయన చేతిలో తీగ జారి సగం చుట్ట ఊడిపోయింది, చూసుకోలేదు.

"ఎన్ని ఇళ్ళు?"

"అన్నీ."

"ఓరి దేవుడా," అన్నాడు చాలా మెల్లగా. "బిందె పెట్టిందెవులు?"

"చెప్పను."

"సరే, సెప్పకు. నేనూ నీ పేరు సెప్పను. జాయింటు సెకింగులో దొరికిందంటాను." తీగ మళ్ళీ చుట్టుకుంటూ, "ఫోనుందా? పట్రా, వర్కుషాపులో సార్జింగ్ పెట్టిస్తాను. మీ అమ్మతో మాట్లాడుకుందువు," అన్నాడు.

పెట్టెలోంచి ఫోను తీసుకుని గుమ్మం దాకా వచ్చాను కూడా. మూడో లైను మొత్తానికి లేని ఛార్జింగ్ నా ఒక్కదాని ఫోనుకి ఎందుకుందని ఎవరైనా అడిగితే? మళ్ళీ పెట్టె అడుగున పెట్టేశాను.

శుక్రవారం

తెల్లారేసరికే కంపెనీ మనుషులు వచ్చారు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని జాయింటుకి పట్టీ బిగించారు. ప్రతి ఇంట్లోంచి తడకలు, చెంబులు, బిందెలు బయటికి తీసి పోగేసి, లారీలో ఎక్కించుకుని పోయారు. గదులన్నీ బార్లా తెరిచి ఉంచాలి, మూడు రోజుల వరకు మూడో లైనుకి కరెంటు లేదు, ఎండపూట అందరూ వంటశాలలో ఉండాలి అని మైకులో చెప్పారు. వంటశాల పైకప్పు రేకులది.

పెద్దమ్మ ఖాళీ గోడ వైపు చూస్తూ నిలబడింది. బిందె ఉన్న చోట నేల గుండ్రంగా తెల్లబడి ఉంది.

"ఎవులో సెప్పేరు," అంది పక్కింటి నూకరత్నం.

"సెకింగులో దొరికిందంట కదా," అన్నాను.

"ఇన్నాళ్ళు లేని సెకింగు ఇప్పుడేటే?" అంది ఆమె. నన్ను చూసి కాదు, అందరినీ చూసి.

మధ్యాహ్నం వంటశాలలోంచి చూస్తుంటే నాలుగో లైనుకి కరెంటు ఇచ్చారు. ఆ లైను గోడకి పెద్ద బోర్డు ఉంటుంది. ఈశ్వర్రావు నిచ్చెనెక్కి దాని హ్యాండిల్ పైకెత్తాడు. టప్‌మని నీలంగా మెరిసింది. ఎండలో కూడా కనిపించింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక్కో ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది. ఈశ్వర్రావు దిగి, మొహం తుడుచుకుని, ఒక్కసారి మా వైపు తిరిగాడు. వెంటనే తల తిప్పుకున్నాడు.

ఆ మెరుపు మా లైనులో ఎలా ఉండేదో నాకు తెలుసు. నా పక్కన కూర్చున్న ఎవరికీ తెలియదు. వాళ్ళకి తెలిసింది ఒకటే, నిన్నటి దాకా చల్లగా ఉంది, ఇవాళ లేదు.

పాప ఏడ్చింది. నేనొచ్చాక ఇంత గట్టిగా ఏడవడం ఇదే మొదలు. గొంతు చించుకుని, కాళ్ళు తన్నుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చింది. నాకు ఎంత సంతోషమేసిందో ఎవరికీ చెప్పుకోలేను. గౌరక్క మాత్రం తనూ ఏడుస్తోంది. "వేడికి తట్టుకోలేకపోతంది. ఎవులి కళ్ళు సల్లబడ్డాయో," అంది. పమిట కొంగుతో విసురుతూనే ఉంది. నేను తీసుకుంటానన్నాను, ఇవ్వలేదు.

సాయంత్రమయ్యేసరికి సింహాచలం తాత పడిపోయాడు. చివరింటి ముసలాయన, రోజూ నన్ను "ఏ బీ సీ డీ" అని పిలుస్తాడు. నాలుగో లైనులో ఫ్యాను కిందకి మోసుకెళ్ళారు. ఇంకా కళ్ళు తెరవలేదట.

శనివారం

తాత ఎలా ఉన్నాడని ఎవరినీ అడగలేకపోతున్నాను. అడిగితే నా మొహం చూస్తారు.

ఎండ దిగాక ఇంటికొచ్చి, తలుపులు తెరిచి ఉంచమన్నా, వెనక చిన్న గదిలో గడియ పెట్టుకుని రాస్తున్నాను. పరీక్ష కాగితాల వెనక వైపు, పెన్సిల్‌తో. అమ్మకి రాస్తున్నాననుకుంటే కొంచెం ధైర్యంగా ఉంటుంది. కానీ అమ్మా, ఇది నీకు చేరేది కాదు. నువ్వైతే ఏం చేసేదానివో తెలియదు. తాత పోతే నా వల్లే పోయినట్టా? చెప్పకపోయి ఉంటే లైనంతా... అది జరగలేదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. జరగనిదాన్ని ఎవరికి చూపించగలను. తాత మంచం మీద ఉన్నది మాత్రం అందరికీ కనిపిస్తోంది.

పొద్దున్న వంటశాలలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఊహించుకుంటున్నానేమో. నూకరత్నం అందరికీ అంబలి పోస్తూ నా గిన్నె దగ్గరికి వచ్చి, "దొరసానికి ఇది దిగుతాదో లేదో," అంది. రోజూ అనే మాటే. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం తన నీళ్ళు తాగకుండా పాప గుడ్డలు తడిపింది. తర్వాత గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నా గ్లాసు ఆమె ముందు పెట్టాను. కళ్ళు తెరిచి గ్లాసుని చూసింది, నన్ను చూసింది. తాగలేదు. వద్దని పక్కకీ జరపలేదు.

తెలిసిపోయింది అనిపించింది.

ఈ గది కూడా ఆరింది. కిటికీలోంచి గాలి వస్తోంది, వేడిగా, ఉప్పగా. వాసన ఉందో లేదో మాత్రం చెప్పలేను. ముక్కు మళ్ళీ ఎప్పటికి మామూలవుతుందో పుస్తకంలో లేదు.

బయట అడుగులు. గౌరక్క చెప్పులు, ఒకటి తెగి లాగినట్టు చప్పుడవుతుంది. పాప కూడా ఉంది, ఏదో గొణుగుతోంది. మేలుకునే ఉంది.

తలుపు కొడుతోంది.

"పూర్తీ. లోపలేటి సేస్తన్నావు?"

రాస్తూనే ఉన్నాను.

"తాత కళ్ళు తెరిసేడంట. నీళ్ళడిగేడంట. అది సెప్దామనే ఒచ్చేను." తర్వాత గొంతు తగ్గించి, తలుపుకి మరీ దగ్గరగా, "అమ్మ అడగమంది. కంపెనీకి సెప్పింది నువ్వేనా?"

ఇంకోసారి కొడుతోంది. కాగితాలు పెట్టె కింద తోసేస్తున్నాను. గడియ తీస్తాను. అవునని చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను, ఈసారి ఆవిరి అనను